భూమిలో భారలోహములు: పైరులకు కలుగు హాని
(నారాయణఖేడ్ ప్రాంతపు రైతుల కొఱకైన ప్రసంగపాఠము)



పైరు పాలిపోయినచో ఎరువు చాలలేదని రైతు తలచుట సహజము. పెక్కుమార్లు అది నిజమే. కాని భూమిలో సీసము, కాడ్మియము, క్రోమియము, పాషాణము మితిమీరినప్పుడును ఆకులిట్లే పసుపుబారును. అట్టిచోట ఎరువెంత వేసినను పైకము వ్యయమగునే గాని పైరు కోలుకొనదు.

ఇనుము, జింకు, రాగి పైరునకు కొలదిగా కావలయును. మితిమీరిన అవియే విషమగును. సీసము, కాడ్మియములతో పైరునకు పనియే లేదు. అయినను జింకు, ఇనుము పోవు త్రోవనే కాడ్మియము వేరులో చొరబడును. పాషాణము భాస్వరపు త్రోవను పట్టును. అందుచే పైరునకు రావలసిన ఆహారము తగ్గును. వేళ్ళకొనలు మొద్దువారును, పిల్లవేళ్ళు నశించును, పైరు గిడసబారును. సీసము చాలవఱకు వేళ్ళలోనే నిలుచును. కాడ్మియమో ఆకులకును గింజలకును ఎక్కును. జపాను దేశమున జింజూ నదీతీరమందు గనినీటి కాడ్మియము వరిబియ్యమున చేరగా, తిన్నవారి యెముకలు పెళుసై విఱిగెను. ఆ రోగకారణమును 1968లో అచ్చటి ప్రభుత్వము అంగీకరించెను.

ఈ సంగారెడ్డి జిల్లాలోనే పటాన్‌చెరు కర్మాగారముల మురుగు నక్కవాగున కలిసి పొలములను, బావులను చెఱచెను. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టుకు పోయెను. నక్కవాగు దిగువన మంజీరలో కలియును గాన ఆ నీరు నారాయణఖేడ్‌కు రాదు. అయినను ఆ పొలములకు పట్టిన గతి ఎల్లరకును హెచ్చరిక.

నల్లరేగడిలో జిగటమన్నును సున్నమును ఉండుటచే అది లోహములను చాలవఱకు పట్టియుంచును. పులుపుగల ఎఱ్ఱనేలలో అవి వేళ్ళకు సులువుగా అందును. కాని పట్టియుంచుట పోగొట్టుట కాదు. లోహము కుళ్ళి నశించునది కాదు, ఏటేట పేరుకొనును.

కావున రైతులు ఈ క్రింది విషయములను పాటింపవలెను.

1. కఱవు సంవత్సరమైనను కర్మాగారపు నీటిని పొలమునకు పెట్టరాదు. ఉచితముగా వచ్చినను అచ్చటి మడ్డిని ఎరువుగా తోలరాదు.

2. పట్టణముల చెంతనున్న చెఱువుల ఒండ్రును పరీక్ష లేక తోలరాదు.

3. 2015లో ఆరంభమైన భూసార పత్రమునకై చేయు పరీక్షలో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు చూతురు. సీసము, కాడ్మియము చూడరు. అనుమానమున్నచో వీనిని ప్రత్యేకముగా పరీక్షింప కోరవలెను.

4. చివికిన పశువుల ఎరువు లోహములను కొంత బంధించును. సున్నము పులుపునేలకే తగును, రేగడికి వలదు.

5. దోషము తేలిన పొలమున ఆకుకూరలు వేయరాదు. ప్రత్తి వంటి తిండికి రాని పైరు మేలు.

పాడైన పొలమును బాగుచేయుట బహువ్యయము, బహుకాలము. చేరకుండ కాచుటయే సులభోపాయమని రైతులెల్లరు గమనింతురు గాక.