ఓటీపీ ఎవరికి వస్తే పంట వాళ్లదేనా?

(మండల రైతు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు ప్రతి పనికీ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లం. ఇప్పుడు ఆఫీసే మన జేబులోకి వచ్చిందంటున్నారు. వచ్చిన మాట నిజమే. ఎవరి జేబులోకి వచ్చిందన్నదే మన ప్రశ్న.

మొన్నటి పత్తి అమ్మకమే చూడండి. 2025-26కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. సీసీఐకి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో పేరు నమోదు కావాలి, స్లాట్ దొరకాలి. చదువుకున్న కొడుకు ఇంట్లో ఉంటే అది కాసేపట్లో అయ్యే పని. మా ఊళ్లో మూడెకరాలు కౌలుకు చేసే ఒక అక్కకు స్మార్ట్ ఫోను లేదు. ఆధార్‌కు ఇచ్చిన నెంబరు ఎప్పుడో ఆగిపోయింది, ఓటీపీ రాదు. సచివాలయానికీ నెట్ సెంటర్‌కీ తిరగడంతోనే వారం గడిచింది. అప్పులాయన గడపలో కూర్చున్నాడు. చివరికి ఇంటికొచ్చిన దళారికే తూకం వేసింది. "పండించింది నేను, ధర మాత్రం ఫోనున్నోళ్లకా?" అని మమ్మల్ని అడిగింది. మేం తలొంచుకున్నాం.

ఇది ఆమె ఒక్కదాని కష్టం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు నూటికి 21 మందే. మగవాళ్లు దాదాపు 49 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, కాదనం. కానీ ఇంట్లో ఒక్కటే మంచి ఫోను ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుందో మనందరికీ తెలుసు. కలుపు తీసేది, పత్తి ఏరేది ఆమె. ఓటీపీ వచ్చేది ఆయనకు.

ఇక కౌలు రైతు సంగతి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. హక్కు పోతుందన్న భయంతో చాలామంది సంతకం పెట్టరు. కార్డు లేకపోతే ఈ-పంటలో కౌలు రైతు పేరు ఎక్కడం కష్టం. అది ఎక్కకపోతే బీమా, నష్టపరిహారం, మద్దతు ధర అన్నీ యజమాని వైపే పోతాయి. పీఎం కిసాన్ ఏటా ఇచ్చే 6,000 కూడా పేరున భూమి ఉన్నవాళ్లకే. భూమి లేనివాడిని కాగితం అప్పుడే వదిలేసింది. యాప్ ఆ తప్పునే ఇంకా వేగంగా చేస్తోంది. మన ఊళ్లల్లో భూమి ఎవరికి లేదో చూడండి: ఎక్కువ మంది దళితులు, వెనుకబడిన కులాలవాళ్లే.

యాప్‌లు వద్దని మేం అనడం లేదు. ధర ఇంట్లోనే తెలిస్తే మంచిదే. యాప్ ఒక్కటే దారి కాకూడదంటున్నాం. వేలిముద్ర పడకపోతే, సిగ్నల్ లేకపోతే, కాగితం మీద రాసుకుని రసీదు ఇచ్చే మనిషి ప్రతి రైతు సేవా కేంద్రంలో, ప్రతి కొనుగోలు కేంద్రంలో ఉండాలి. స్లాట్లలో కొన్ని నేరుగా వచ్చిన రైతులకు ఉంచాలి. యజమాని సంతకం లేకపోయినా, పొలం చూసి, చుట్టుపక్కల రైతులను విచారించి సాగుదారు పేరు నమోదు చేయాలి.

సర్కారును అడిగే ముందు మన తప్పు కూడా ఒప్పుకుందాం. ఈ సభ కబురు మనం వాట్సాప్ గ్రూపులోనే పెట్టాం. ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, అక్కచెల్లెళ్లు ఎంతమంది వచ్చారు? కౌలు రైతులు ఎంతమంది? వాళ్లు రాలేదని మనం అనుకుంటున్నాం. అసలు వాళ్లకు మనం చెప్పనేలేదు.

వచ్చే సభకు ప్రతి వాడకూ మనిషి వెళ్లి చెబుదాం. ఈ-పంట నమోదు మొదలైన వారం మన కార్యకర్తలు ఊరికి ఇద్దరు చొప్పున కూర్చుని, ఫోను లేనివాళ్ల పేర్లు దగ్గరుండి ఎక్కిద్దాం. పేరు ఎక్కనివాళ్ల జాబితా రాసి, అందరం కలిసి తహసీల్దారు ఆఫీసుకు పట్టుకెళదాం. ఆ జాబితాలో మొదటి పేరు ఆ అక్కదే ఉండాలి.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!