కొమ్మల పైనున్న అడవి



గుత్తి రైల్వే స్టేషన్ పట్టభద్రులైన మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. 1899లో అక్కడి రైల్వే కలప యార్డులో ఓ సాలీడు దొరికింది. కాళ్లతో కలిపి అరచేయంత, లోహంలా మెరిసే నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. ఆ నీలం ఏ రంగు పదార్థంతోనూ వచ్చింది కాదు. ఒంటి మీది వెంట్రుకల్లోని అతిసూక్ష్మమైన అమరికకు వెలుతురు తగిలితే అలా మెరుస్తుంది. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ పోకాక్ దానికి పొయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లు దాని జాడే లేదు. కలపతోపాటు రైలెక్కి వచ్చిన జీవి గుత్తిలో ఎందుకుంటుంది? 2001లో మళ్లీ కనిపించింది మాత్రం నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో. గుత్తికి దాదాపు వంద కిలోమీటర్ల దూరం. పెద్ద చెట్ల తొర్రల్లో దాని కాపురం. తేలిగ్గా మన కంటపడని ప్రాణి అది.

చెట్ల పైన ఎంత జీవం ఉందో చెప్పడానికి పనామా లెక్క ఒకటుంది. కీటక శాస్త్రజ్ఞుడు టెర్రీ ఎర్విన్ ఒకే జాతికి చెందిన 19 చెట్లకు పొగమందు పట్టించి, రాలినవన్నీ ఏరితే 1,100కు పైగా పెంకుపురుగుల జాతులు తేలాయి. దాన్నిబట్టి ప్రపంచంలో కీటకాలూ వాటి బంధుజీవులూ కలిపి 3 కోట్ల జాతులుంటాయని 1982లో అంచనా వేశాడు. ఆ అంకెను తర్వాతివాళ్లు బాగా తగ్గించారు. కానీ తలెత్తి చూడాలన్న పట్టుదల అందరికీ అంటించింది ఆయనే.

మీ చేతిలో ఉన్న పనిముట్లు అప్పట్లో ఆయనకు లేవు. అంతరిక్ష కేంద్రం నుంచి నాసా వారి జెడై లేజర్ అడవి ఎత్తు కొలుస్తుంది. తొర్రలో ఎవరున్నారో అది చెప్పలేదు. కొమ్మ మీంచి కొమ్మకు దూకే బెట్టుడుత ఎక్కడ దారి తెగి నేలకు దిగాల్సి వస్తోందో చెప్పలేదు. అందుకు చెట్టు మీదే ఉండి, వానకూ చీమలకూ తట్టుకుని, సిగ్నల్ లేకపోయినా నెలల తరబడి పనిచేసే చిన్న రికార్డరు కావాలి. ఇక్కడ గచ్చిబౌలిలో మీరు చేయగలిగిన పనే ఇది.

ఒక్క జాగ్రత్త. డేటా అంతా అందరికీ తెరిచి పెట్టడం మంచిదని మీకు నేర్పాం, నేనూ దాన్నే నమ్ముతాను. ఈ సాలీడు విషయంలో మాత్రం ఒప్పుకోను. విదేశాల్లో పెంపుడు జీవుల వ్యాపారం దీని వెంట పడింది. 2019లో దీని ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చాల్సి వచ్చింది. చెట్టు ఎక్కడుందో మ్యాప్‌లో చుక్క పెడితే, ఆ చుక్క దగ్గరికి ముందుగా చేరేది శాస్త్రజ్ఞుడు కాకపోవచ్చు. ఎంత చూపించాలో, ఎంత దాచాలో మీ కోడ్‌లోనే తేల్చాలి.

అడవికి వెళ్లేముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి. తేనె కోసం ఎత్తులెక్కే చెంచులతో మాట్లాడండి, వాళ్లు చెప్పినదానికి వాళ్ల పేరే పెట్టండి. అడవి అంచునున్న మన్ననూరు ఇక్కడికి మూడు గంటల దారి. ఈ వర్షాకాలం దాటాక మొదటి రికార్డరు పట్టుకుని ఎవరు బయల్దేరినా, నేనూ వస్తాను.