చచ్చిన పురుగు నేర్పిన పాఠం



మా సంఘంలో 12 మందిమి. అందరివీ ఎర్ర చల్క చేన్లే. ఆముదం, కంది, పల్లి వేస్తం. ఆముదానికి దాసరి పురుగో, పొగాకు లద్దె పురుగో పట్టినప్పుడల్లా అప్పు తెచ్చి మందు కొట్టినం. పంట చేతికొచ్చినా అప్పు తీరేది కాదు. అందుకే ఈ రోజు బూజు మందు గురించి, మేము చేసిన తప్పుతో సహా చెప్తున్నం.

ఒక వానకాలం సంఘం అప్పుతో బవేరియా పొడి తెచ్చినం. కొన్నాళ్లు రేకుల కొట్టంలో పెట్టినం. ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టినం. మర్నాడు పోయి చూస్తే పురుగు ఆకు తింటనే ఉన్నది. "ఇది ఉత్త పిండి" అన్నరు మావాళ్లు. మళ్లీ అప్పు చేసి విషం మందే కొట్టినం.

వారం రోజులు ముసురు పట్టింది. గట్టు పక్కన ఏ మందూ తగలని చెట్ల మీద లద్దె పురుగులు ఆకులకు అతుక్కుని, తెల్లగా గట్టిపడి చచ్చి ఉన్నయి. కొన్నిటి మీద లేత ఆకుపచ్చ పొడి. ఆ ఆకులు తెంపుకొని కృషి విజ్ఞాన కేంద్రానికి పోయినం. అది నొమూరియా అనే బూజు అని అక్కడి సార్లు చెప్పిండ్రు. దాన్ని ఎవరూ కొట్టలేదు. వానకాలంలో తేమ ఎక్కువైనప్పుడు తనంతట తానే వచ్చి లద్దె పురుగును చంపుతదట. మేము అప్పు చేసి కొన్న పనిని మా చేను ఉత్తగనే చేసి పెడుతున్నది!

బూజు మందు విషం కాదు, ప్రాణమున్న విత్తనం. దాని పొడి పురుగు చర్మం మీద పడి, తేమకు మొలకెత్తి, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతది. పురుగు ముందు తిండి తగ్గిస్తది, తర్వాత చస్తది. దానికి 4 నుంచి 7 రోజులు పడుతది. ఒక్క రోజుకే తీర్పు చెప్పుడు మా మొదటి తప్పు. ఎండకు, వేడికి ఆ విత్తనం చస్తదని తెలుసుకోకపోవుడు రెండో తప్పు.

ఇప్పుడు మేము పాటించేవి ఇవి. కొనేటప్పుడు గడువు తేదీ చూస్తం. పొడిని చల్లటి నీడలో పెడతం. నేల తడిగా ఉన్నప్పుడు, సాయంత్రం పూట, లీటరు నీళ్లకు 5 గ్రాములు కలిపి ఆకు అడుగు భాగం కూడా తడిసేటట్టు కొడతం. పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొడతం. మాంకోజెబ్, కార్బెండజిమ్ లాంటి తెగులు మందులు దాంట్లో కలపం. అవి బూజును చంపే మందులే కదా! పొడి లోపలికి పోకుండా ముక్కు, నోరు గుడ్డతో కట్టుకుంటం.

ఒక జాగ్రత్త తప్పనిసరి. మల్బరీ తోట దగ్గర బవేరియా కొట్టొద్దు. పట్టుపురుగును సున్నం ముక్కలెక్క చేసి చంపే రోగం ఈ బూజుతోనే వస్తది. 1835లో ఇటలీలో అగొస్తినో బస్సీ దీన్ని రుజువు చేసిండు. బూజు పేరులోని 'బాసియానా' ఆయన పేరే. మన చేనికి మేలు చేసేది పక్కింటి అక్క పట్టుపురుగులకు చావు కావొద్దు.

ఎండలు ముదిరి వాన లేనప్పుడు బూజును నమ్ముకొని కూర్చోలేం. అప్పుడు గుడ్ల సముదాయాలు ఏరుడు, లింగాకర్షక బుట్టలు, వేప కషాయం ఉండనే ఉన్నయి. 2005 ప్రాంతంలో సెర్ప్ తోడుతో పురుగుమందులు లేని సాగును ఊరూరికీ తీసుకపోయింది మహిళా సంఘాలే. అది మనకు కొత్త కాదు.

సమాఖ్యను మేము రెండు కోరుతున్నం. బూజు మందును అందరికీ కలిపి, నమ్మకమైన చోట కొని, చల్లగా నిల్వ చేయాలి. మందు కోసం అప్పు అడిగిన ప్రతి అక్కతో ముందు ఇద్దరు సభ్యులు చేనుకు పోయి ఆకులు తిరగేసి చూడాలి. తెల్లబడి చచ్చిన పురుగులు చాలా కనబడితే ఆ అప్పు అవసరమే లేకపోవచ్చు.