కారునకు ఆమ్లజని మాపకము



శుద్ధమైన పెట్రోలు ఒక పాలు మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి వలయును. ఇథనాలు కలిసినదానికి కొంత తక్కువ చాలును. ఆ పాలు కుదిరినదో లేదో పొగగొట్టములో మిగిలిన ఆమ్లజని చెప్పును. దానిని కొలుచు మాపకమును, నియంత్రకమును కొందఱు యువకులు విడిగా కొని కార్లకు బిగించుకొనుచున్నారు.

చిక్కంతయు ఎర్తుతీగ యొద్దనే. మాపకమును 700 డిగ్రీలకు పైగా కాచు విద్యుత్తు ఆ తీగవెంటనే మరలును. తుప్పురేకునకు బిగించినచో అచ్చట వోల్టు పైకి లేచును. ఎత్తిపోతల 70 అడుగులందురు గదా! వరదకు చంద్రవంక మడుగు పొంగినపుడు నీటిమట్టమునుండి కొలిచినవానికి ఆ యెత్తు తగ్గును. కొండ తగ్గలేదు, కొలతమొదలు మారినది. ఇచ్చటను అంతియే. 5 వోల్టుల కొలతలో పదియవవంతు వోల్టు పెరిగినను, ఆ కొలతను నమ్ము కంప్యూటరు పెట్రోలు చాలలేదని భ్రమించి అధికముగా పోయును. అది మితిమీరినచో సిలిండరు గోడలనంటిన నూనె కడుగుకొని పోవును. కావున నియంత్రకపు ఎర్తులన్నిటిని కంప్యూటరు ఎర్తున్నచోటనే, రంగు గీకిన ఇంజనుదిమ్మపై, కలుపవలెను. (తీగల రంగులు చూచి ఊహించుట నాకు సమ్మతము గాదు, వెంటవచ్చిన కాగితము చదువవలెను.) విద్యుత్తును తాళము త్రిప్పినపుడే పాఱు తీగనుండి ఫ్యూజుద్వారా తీయవలెను. విద్యుత్తు లేని మాపకమును పొగలో విడిచినచో మసిపట్టి చెడును. గొట్టము అడుగున బిగించినచో నీరు తగిలి పగులును.