గతం మారుతుందా? కాలయాన విరోధాభాసలు, శాఖాకాల తర్కం

కాలంలో ప్రయాణించడమనే ఊహకు హెచ్.జి. వెల్స్ 1895లో కాలయంత్రంతో కథారూపం కల్పించినా, గతంలోకి ప్రయాణించడానికి గణితంలో స్థానం దొరికింది 1949లోనే. విశ్వమంతా ఒకానొక రీతిలో పరిభ్రమిస్తూ ఉంటే, వెలుగు వేగాన్ని ఎక్కడా మించకుండా ముందుకు సాగిపోయిన యాత్రికుడు తన గతంలోని క్షణానికే తిరిగి చేరగల మార్గాలు ఉంటాయని, ఐన్‌స్టీన్ సాపేక్ష సమీకరణాల ఆధారంగానే కుర్ట్ గోడెల్ ఆ ఏడాది చూపాడు. గోడెల్ విశ్వం వ్యాకోచించదు, వాస్తవ విశ్వం వ్యాకోచిస్తున్నది; కనుక అది మన విశ్వానికి వర్ణన కాదు. అయినా ప్రకృతి సూత్రాలు గతయానాన్ని వాటంతట అవే నిషేధించడం లేదని తేలడంతో, దానిని నిషేధించే భారం తర్కం మీద పడింది.

తర్కం ముందుకు తెచ్చిన అభ్యంతరం అందరికీ తెలిసినదే: మనుమడు గతంలోకి వెళ్లి, పెళ్లి కాకముందే తాతను చంపితే, ఆ మనుమడు పుట్టేదెలా? తత్త్వవేత్త డేవిడ్ లూయిస్ 1976లో ప్రచురించిన వ్యాసంలో దీనికి ఇచ్చిన సమాధానం ఇప్పటికీ అత్యంత నిజాయితీ గలది. చేతిలో తుపాకి, గురి తప్పని సాధన, ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ‘చంపగలడు’ అనడం సబబే. ఆ తాత ఆ తరువాత ఎన్నో ఏళ్లు బతికాడన్న వాస్తవాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ‘చంపలేడు’ అనడమూ సబబే. రెండు వాక్యాలూ రెండు వేర్వేరు వాస్తవ సముదాయాలను ఆధారం చేసుకున్నవి గనుక వాటి మధ్య వైరుధ్యం లేదు. తుపాకి పేలకపోవచ్చు, కాలు జారవచ్చు. అడ్డుపడేది ఏదైనా అది మామూలు కారణమే.

భౌతికశాస్త్రజ్ఞులు ఇదే చిక్కును మనుషుల ప్రమేయం లేకుండా బిలియర్డ్ బంతితో పరీక్షించారు. వార్మ్‌హోల్ అనే సొరంగంలోకి దూరిన బంతి, కొద్ది క్షణాల ముందటి కాలంలో బయటపడి, దూరబోతున్న తనను తానే ఢీకొని పక్కకు నెట్టివేస్తే ఏమవుతుందని జోసెఫ్ పోల్చిన్‌స్కీ ప్రశ్నించాడు. కిప్ థోర్న్ బృందం 1991లో ప్రచురించిన పరిశోధనలో దీనికి వైరుధ్యం లేని పరిష్కారాలు దొరికాయి: బయటికి వచ్చిన బంతి గట్టిగా ఢీకొనక అంచును మాత్రమే రాసుకుంటూ పోతుంది, ఆ తాకిడికి దారి కొద్దిగా మారిన మొదటి బంతి కొద్దిగా వేరే కోణంలో సొరంగంలోకి దూరుతుంది, ఆ కోణం వల్లనే అది బయటపడి అంచును మాత్రమే రాసుకుంటుంది. ఒకే ఆరంభస్థితికి ఇటువంటి పరిష్కారాలు అనంతంగా ఉండడమే ఇక్కడి అసలు ఆశ్చర్యం.

కాలాన్ని శాఖలుగా చీల్చే పద్ధతి ఇందుకు భిన్నమైనది. భవిష్యత్తును గురించిన వాక్యం నేడే సత్యమైతే అంతా విధిలిఖితమే కదా అన్న ప్రశ్నతో సతమతమవుతున్న తర్కవేత్త ఆర్థర్ ప్రయర్‌కు, 17 ఏళ్ల సౌల్ క్రిప్కి 1958లో రాసిన లేఖలో, కాలాన్ని గతం వైపు ఒకటిగా, భవిష్యత్తు వైపు అనేకంగా చీలే చెట్టుగా భావించమని సూచించాడు. ఈ చెట్టులో కొమ్మ నుంచి మొదలుకు దిగి వచ్చిన యాత్రికుడి రాక అతడి సొంత కొమ్మకూ గతమే అవుతుంది గనుక, దాన్ని అక్కడ మార్చడం కుదరదు. మార్పు కావాలంటే అతడు అడుగుపెట్టిన క్షణమే కొత్త చీలిక కావాలి.

డేవిడ్ డాయిచ్ 1991లో క్వాంటం సిద్ధాంతంతో దీనికి రూపమిచ్చాడు. భవిష్యత్తు నుంచి వచ్చిన 0ను 1గా, 1ను 0గా మార్చి తిరిగి గతానికే పంపే పరికరానికి సాధారణ తర్కంలో ఏ విలువా పొసగదు. రెండూ సగం సగం కలిసిన క్వాంటం స్థితి మాత్రం తలకిందులు చేసినా అలాగే నిలుస్తుంది. ప్రతి సాధ్యతా ఒక్కో ప్రపంచంలో నిజమవుతుందనే ‘అనేక ప్రపంచాల’ దృష్టితో చూస్తే, ఒక ప్రపంచంలో బయలుదేరినది మరొక ప్రపంచంలో చేరుతుంది.

వైరుధ్యం తొలగింది, కాని దానికి చెల్లించిన మూల్యం పెద్దది. చనిపోయిన తల్లిని బతికించుకోవాలని వెనక్కి వెళ్లిన కొడుకు కొత్త శాఖలో ఒక తల్లిని కాపాడగలడు. ఆమె ఆ శాఖలోని మరొక బిడ్డకు తల్లి, అతడు పోగొట్టుకున్న తల్లి మాత్రం పాత శాఖలో మరణించినట్లే ఉంటుంది. కనుక శాఖాకాలం గతాన్ని మార్చే మార్గం కాదు, గతాన్ని వదిలిపోయే మార్గం మాత్రమే. ఈ ఒక్క విషయంలో అది లూయిస్ చెప్పిన ఒకే కాలరేఖతో ఏకీభవిస్తుంది.

ఇక అటువంటి ప్రయాణానికి అసలు దారి ఉందా అన్నది తర్కం తేల్చగల ప్రశ్న కాదు. భౌతిక నియమాలే ఆ దారులను మూసివేస్తాయని స్టీఫెన్ హాకింగ్ 1992లో ప్రతిపాదించాడు. దానిని పూర్తిగా నిరూపించడానికి కావలసిన క్వాంటం గురుత్వ సిద్ధాంతం ఇంకా రూపుదిద్దుకోలేదు.