నిమురుట



చేయి తగులుట యొక్కటే యైనను తెలుగున దానికి పెక్కు మాటలు కలవు: అంటుట, ముట్టుట, తాకుట, తడవుట, నిమురుట. వీనిలో మొదటి రెంటి గతి విచారకరము. అంటు అన్నను, ముట్టు అన్నను మైలయే. ఒకటి ఇంటి ఆడువారిని మూడు దినములు వేఱుగా కూర్చుండబెట్టిన మాట. మఱియొకటి సాటి మనుష్యులను ఊరికి వెలియుంచిన మాట. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసినది గాని, మాటకు పట్టిన మరక అంత త్వరగా వదలునా? ఇక తాకుటయందు ఢీకొనుట కలదు. పూర్వకవులు యుద్ధములయందు దానిని విరివిగా వాడిరి. తడవుట చీకటిలో వెదకుట.

నిమురుట మాత్రము ఏ మైలయు సోకని మాట. ‘నిమురరానివాడు’ అను మాట తెలుగున పుట్టనే లేదు. పసివాని తలయైనను, రోగి వీపైనను, అరచేయి పూర్తిగా ఆనవలెను; మెల్లగా సాగవలెను. కోపముతో కొట్టవచ్చును, పట్టవచ్చును. నిమురుట సాధ్యము కాదు. దువ్వుట దీనికి దగ్గఱ చుట్టమే. అయితే పని చక్కబెట్టుకొనుటకు మనిషిని దువ్వువారు ప్రతి ఊరనుందురు.

మంగినపూడి రైతునకు దీని యర్థము నిఘంటువు చెప్పనక్కఱలేదు. దూడను వదలి, పొదుగు నిమిరినచో గేదె చేపును. ఆ స్పర్శకు ఆక్సిటోసిన్ అను రసము మెదడునుండి రక్తమున కలిసి పాలను దింపునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. బెదరిన పశువు ఎగచేపును. నిమురువానికి పాలమీద ఆశ యున్నమాట నిజమే; కాని ఆ యాశతో తొందరపడినవాని చెంబు నిండదు.

పోతనామాత్యుడు గజేంద్రమోక్షణమున ఈ మాటను ‘నివురు’ అను రూపమున వాడెను. (నివురుగప్పిన నిప్పులోని నివురు వేఱు, అది బూడిద.) మొసలి పట్టు వీడిన పిదప శ్రీహరి చేయి ఏనుగునకు సోకుటను కరసంస్పర్శ యని సంస్కృతమున చెప్పిన యా మహాకవి, ఏనుగు తన కరిణులను చేరు ఘట్టమునకు వచ్చునప్పటికి తెలుగు మాట నెత్తుకొనెను. దేవుని చేతికి సంస్కృతము, పశువు తొండమునకు తెలుగు! తొండమునకును కరమనియే పేరు. కరి యను నామము దానివలననే కలిగినది. చావు తప్పించుకొని వచ్చిన యా గజరాజు ఘీంకరించెను. అంతటితో ఆగక, మెల్లగా నివిరెను.