సముద్రపు అడుగు మట్టిలో ప్రాణవాయువు లెక్క



కుసుమంచిలో కూర్చుని సముద్రం ఊసేమిటని మీరనుకోవచ్చు. మన పాలేరు కృష్ణలో కలుస్తుంది, కృష్ణ బంగాళాఖాతంలో. మన చేలమీది మన్ను కొంతైనా ఆ అడుగుకు చేరేదే.

ఎండాకాలం తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం మనమంతా చూసినదే. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిందన్నమాట. బంగాళాఖాతంలోనూ సుమారు వంద మీటర్ల లోతు నుంచి కొన్ని వందల మీటర్ల దాకా అటువంటి పొరే ఉంది. వానాకాలం నదుల మంచినీళ్లు ఉప్పునీటిమీద మూతలా పరుచుకుంటాయి, పై గాలి కిందికి దిగదు. పైనుంచి రాలిన చచ్చిన జీవాలు కుళ్లుతూ ఉన్న వాయువును కాస్తా తినేస్తాయి.

మరి వేల ఏళ్ల కిందట ఎట్లా ఉండేది? కొలిచినవాడెవడూ లేడు. సాక్షులు మాత్రం ఉన్నారు. ఫొరామినిఫెరా అనే ఒంటికణపు జీవులు, చాలావరకు ఇసుక రేణువంతే. చచ్చాక వాటి సున్నపు గుల్లలు బురదలో మిగులుతాయి. ఓడనుంచి గొట్టం దించి బురదను తీస్తారు. పొరపొరగా కోసి, కడిగి, మిల్లీమీటరులో పదహారో వంతు కన్నాల జల్లెడ పడతారు. మైక్రోస్కోపు కింద తడి కుంచెమొనతో ఒక్కొక్కటే ఏరి పొరకు 300 దాకా లెక్కపెడతారు. బియ్యంలో రాళ్లేరే మన ఇంటి ఆడవాళ్లకు ఆ ఓపిక ఎట్లాంటిదో చెప్పక్కర్లేదు.

గాలి చాలినచోట సిబిసిడాయిడిస్ వంటి గుండ్రని, మందపు గుల్లలు దొరుకుతాయి. చాలనిచోట బొలివినా వంటి చిన్న, పలుచని, పొడుగు గుల్లలు. ఈ రకాల పాళ్లనుబట్టి జపాన్ శాస్త్రజ్ఞుడు కునియో కైహో 1994లో ప్రాణవాయువు సూచికను ప్రకటించారు.

ఇక్కడొక తిరకాసుంది. తిండి మెండుగా ఉన్నా బొలివినాలు పెరుగుతాయి. అందుకని గుల్లమీది రంధ్రాలు, గుల్లలో చిక్కిన అయొడిన్ కూడా చూస్తారు. ఒక్క సాక్షి మాటమీద తీర్పు చెప్పరాదు కదా!

1960 నుంచి ప్రపంచ సముద్రాల్లో ప్రాణవాయువు 2 శాతం పైగా తగ్గిందని 2017లో లెక్క తేలింది. నీరు వేడెక్కడం పెద్ద కారణం. తీరాల దగ్గర ఎరువులూ తోడవుతాయి. పైరు తాగని యూరియా వానకు ఎటు పోతుందో రైతులం మనకు తెలియనిది కాదు. సముద్రం వెనుక ఎప్పుడైనా ఇంత తగ్గిందా, తగ్గితే తేరుకోవడానికి ఎన్నేళ్లు పట్టింది అన్నది ఆ గుల్లలనే అడగాలి.

డిగ్రీలో సైన్సు చదివే మన ఆడపిల్లలు, మగపిల్లలు గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పేరు రాసిపెట్టుకోండి. దాని ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది.